మూడు వారాలకో సూది

నేను అమెరికాలో క్యాన్సర్ డే కేర్‌లో నర్సును. ఇక్కడికొచ్చే పెద్దవాళ్లలో కొందరి రక్తహీనత ఐరన్ మాత్రలకు లొంగదు. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ ఉంటే ఎముక మజ్జలో ఎర్రకణాలు ఎదక్కుండానే చచ్చిపోతాయి. మాటిమాటికీ రక్తం ఎక్కించాలి; ఎక్కించేకొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది.

ఆ కణాలు పూర్తిగా ఎదగడానికి తోడ్పడే మందు లస్పాటర్‌సెప్ట్. ఈ జబ్బుకు ఇక్కడ 2020లో అనుమతి వచ్చింది. మూడు వారాలకోసారి చర్మం కింద ఇస్తాం. మొదటి డోసు కిలో బరువుకు 1 మిల్లీగ్రాము. పొడిలో స్టెరైల్ వాటర్ కలిపాక సీసాను కుదపను, మెల్లగా గుండ్రంగా తిప్పుతాను.

సూదికి ముందు హిమోగ్లోబిన్, బీపీ చూడాల్సిందే. బీపీ పెరగొచ్చు, నీరసం రావచ్చు. మెడలిస్ట్ అనే క్లినికల్ ట్రయల్‌లో ఈ మందు తీసుకున్నవారిలో 38 శాతం మందికి కనీసం 8 వారాలు రక్తం ఎక్కించాల్సిన పని పడలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 13 శాతమే. జబ్బు పోదు, ఆసుపత్రి చుట్టూ తిరుగుడు తగ్గొచ్చు.