ఉద్యోగము విడిచినవారి ఉమ్మడి కార్యాలయము

కోరుకొండలో పుట్టి, పెద్ద చదువు చదివి, హైదరాబాదులో పదేండ్లు ఒక పెద్ద కంపెనీలో పనిచేసిన కుమారుడు ఒకనాడు రాజీనామా ఇచ్చి, "సొంతంగా కంపెనీ పెడుతున్నాను, ఒక బల్ల అద్దెకు తీసుకున్నాను" అని ఇంట చెప్పినచో, తండ్రి మొదట అడుగునది ఒక్కటే: "ఇంట్లో ఇన్ని గదులుండగా బల్లకు అద్దె ఎందుకురా?" ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము వెదకుటే నేటి ప్రసంగ విషయము. (మేము చెప్పునది లక్ష్మీనరసింహస్వామి కొండమీద వెలసిన తూర్పు గోదావరి కోరుకొండను గూర్చి. సైనిక పాఠశాల గల కోరుకొండ విజయనగరము దగ్గరిది. ఈ రెండింటిని ఒకటిగా తలచువారు ఇప్పటికిని కలరు.)

ఇట్టి ఉమ్మడి కార్యాలయమును కో-వర్కింగ్ స్పేస్ అనుచున్నారు. వ్యాపారరీత్యా ఇది టోకున కొని చిల్లరకు అమ్ముటయే. నిర్వాహకుడు ఒక భవనములో అంతస్తునంతయు కొన్నేండ్లకు లీజుకు తీసికొని, బల్లలు వేయించి, ఇంటర్నెట్టు, ఏ.సి., సమావేశపు గది, కాఫీ ఏర్పరచి, ఒక్కొక్క బల్లను రోజుకో నెలకో అద్దెకిచ్చును. విడిగా కార్యాలయము పెట్టదలచినవాడు కొన్ని నెలల అద్దె అడ్వాన్సుగా కట్టవలెను, సామాను కొనవలెను, చాలచోట్ల రెండు మూడేండ్లు కదలనని పత్రము వ్రాయవలెను. ఆరు మాసములకు తన సంస్థ నిలుచునో లేదో ఎరుగనివాడు మూడేండ్ల పత్రముపై సంతకము చేయుట ఎట్లు?

ఈ పద్ధతికి ఆద్యుడని చెప్పదగినవాడు బ్రాడ్ న్యూబర్గ్ అను అమెరికను యువకుడు. ఉద్యోగములో తోటివారు దొరకుదురు గాని స్వేచ్ఛ ఉండదు. ఒంటరిగా పనిచేసినచో స్వేచ్ఛ ఉండును గాని తోటివారుండరు. రెండును కావలెనని అతడు 2005 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఇంటిలో వారమునకు రెండు రోజులు చోటు తీసికొని, ప్రతి ఉదయము మడత బల్లలు వేయసాగెను. మొదటి నెలలో ఎవరును రాలేదు. అయినను అతడు బల్లలు వేయుట మానలేదు.

హైదరాబాదు మాదాపూరు ప్రాంతములో ఇట్టి కార్యాలయమొకటి చూచుటకు మేము వెళ్ళితిమి. పొడవాటి హాలు, వరుసగా బల్లలు, చెవులకు యంత్రములు తగిలించుకొని మాటలేక పనిచేయువారు. గ్రంథాలయములో అడుగిడినట్లే తోచినది. మాటలన్నియు కాఫీ యంత్రము వద్దనే. అచట కలిసిన ఒకరు, సుమారు నలుబది యేండ్లవారు, కంపెనీ వదలి ఏడాదియైనది. "జీతం రాకపోవడం ముందే లెక్క వేసుకున్నానండి. కంప్యూటరు చెడిపోతే ఎవరికి ఫోను చెయ్యాలో తెలియకపోవడం మాత్రం లెక్కలోకి రాలేదు" అనిరి. పెద్ద కంపెనీలో లెక్కలకొక శాఖ, న్యాయ విషయములకొక శాఖ, యంత్రములకొక శాఖ ఉండును. బయటికి వచ్చినవాడు ఈ శాఖలన్నియు తానే. జి.ఎస్.టి. పత్రము నింపుట ఆయనకు నేర్పినది ప్రక్క బల్లవారట. వారి సంస్థ పేరైనను ఆయనకు అప్పటికి తెలియదు.

ఇది గోదావరి వారికి కొత్త సంగతి కాదు. కడియము, కడియపులంకలలో నర్సరీలు గట్టును ఆనుకొని గట్టుగా ఉన్నవి. పోటీదారులైన వారు అంత దగ్గరగా ఏల ఉండవలెను? అంటు కట్టు నేర్పరి అక్కడనే దొరకును. మొక్కలకు వచ్చిన లారీ అక్కడనే ఆగును. ఒకరివద్ద లేని మొక్కకు కొనువాడు ప్రక్క తోటకు పోవును గాని ఊరు దాటిపోడు. ఒకేచోట చేరిన వృత్తిలోని రహస్యములు గాలిలోనే వ్యాపించునని ఆల్‌ఫ్రెడ్ మార్షల్ అను ఇంగ్లీషు అర్థశాస్త్రజ్ఞుడు 1890లోనే వివరించెను. తండ్రి ఇంటిగదిలో చల్లదనమున్నది, నిశ్శబ్దమున్నది. ఆ గాలి మాత్రము లేదు.

కాని బల్లలు కూర్చినంతనే ఆ గాలి వీచునని నమ్మరాదు. డబ్బు కట్టినవారికెల్ల చోటిచ్చు కార్యాలయము వేరు, ఎన్నిక చేసి చేర్చుకొని మార్గదర్శకులను చూపు కేంద్రము వేరు. హైదరాబాదులోని టి-హబ్ ఈ రెండవ జాతిది. ఐఐఐటి ఆవరణలో 2015 నవంబరు 5న, రతన్ టాటా సమక్షములో అది ప్రారంభమయ్యెను. 2022 జూనులో రాయదుర్గములోని పెద్ద భవనమునకు మారెను. మహిళల కొరకు వి-హబ్ 2018లో వెలసినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌ను ప్రారంభించినది. దాని శాఖా కేంద్రములకు ఎంచిన నగరములలో రాజమహేంద్రవరము కూడ ఉన్నది. కోరుకొండకు అది సుమారు 20 కిలోమీటర్లు. హైదరాబాదు పయనము రాత్రంతయు పట్టునది.

ఇక నష్టభయము. టోకు లీజు, చిల్లర అద్దె అను ఏర్పాటులో నిర్వాహకుడు కూడ కూలవచ్చును. న్యూయార్కులో 2010లో పుట్టిన వి-వర్క్ విలువను 2019 ఆరంభములో 4,700 కోట్ల డాలర్లుగా కట్టిరి. 2023 నవంబరులో ఆ సంస్థ దివాలా రక్షణ కోరుచు న్యాయస్థానమునకెక్కెను. కావున మన బల్ల అడ్వాన్సు తిరిగి వచ్చు గడువెంత, ఎన్నాళ్ళు ముందు చెప్పి ఖాళీ చేయవచ్చును అనునవి పత్రములో చూచుకొనవలెను.

అంతకంటె పెద్ద చిక్కు ఇంటి పెద్దలకు సంబంధించినది. కొడుకు కంపెనీ వారి ఆరోగ్య బీమా తల్లిదండ్రులకును వర్తించుచుండిన ఇండ్లు పెక్కు. ఉద్యోగముతోబాటు అదియు సామాన్యముగా ముగియును. కొత్త పాలసీ తీసికొన్నచో ముందునుండి ఉన్న జబ్బులకు 3 ఏండ్ల వరకు నిరీక్షణకాలము పెట్టుటకు నిబంధనలు అనుమతించుచున్నవి. కంపెనీ పాలసీనుండి అదే బీమా సంస్థవారి విడి పాలసీకి మారు వీలున్నదేమో రాజీనామా ఇచ్చుటకు ముందే అడుగవలెను. ఇచ్చిన పిమ్మట అడుగువారే మాకెక్కువగా కనబడిరి. బల్ల మాటకు వచ్చినచో, చాలచోట్ల ఒక్కరోజు రుసుము కట్టి కూర్చొనవచ్చును. అట్లు రెండు మూడు దినములు కూర్చొని, కాఫీ యంత్రము వద్ద ఎవరైన పలుకరించిరో లేదో చూచి, నెల అద్దె ఆ తరువాత కట్టవచ్చును.