శ్రవ్యకావ్యము రంగమెక్కు విధము : దళిత రూపకకర్తలకు కావలసిన తోడ్పాటు

ఆంధ్రదేశమున మిక్కిలి ప్రచారము నొందిన నాటకములలో పెక్కులు స్వతంత్రకల్పనములు గావు. తిరుపతి వేంకటకవుల పాండవనాటకములు భారతమునుండి వెలువడినవి. సురభివారు 1885వ సంవత్సరమున మొదట నాడిన కీచకవధమును భారతకథయే. కావున పూర్వగ్రంథమును రంగమునకు దెచ్చుట మనకు క్రొత్త విద్య గాదు. అయినను దానిని దెచ్చువారెవరు, ఎవరి కన్నులతో దానిని జూచిరి యను ప్రశ్నము మాత్రము చిరకాలము మన సభలలో వినబడలేదు. దళితకులములయందు జనించిన రూపకకర్తలు పూర్వగ్రంథములను నాటకములుగా మలచునపుడు వారి కెదురగు చిక్కు లెట్టివి, విద్వత్పరిషత్తులును పాఠశాలలును వారికి జేయదగిన సాయ మెట్టిది యను విషయమును ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింతును.

మొదట నాటకీకరణ మనగా నేమో నిర్ణయించుకొనవలెను. శ్రవ్యకావ్యమున కవి తానే కథ చెప్పును, వర్ణించును, పాత్రముల మనస్సులలో జొచ్చి మనకు జూపును. దృశ్యకావ్యమున కవికి నోరు లేదు. ఏమి చెప్పదలచినను పాత్రముల మాటచేతను చేష్టచేతనే చెప్పవలెను. అంకమున జూపదగినది, విష్కంభాదులచే సూచింపదగినది, బొత్తిగా విడువదగినది యని కథ మూడు పాళ్లగును. ఈ విభాగము చేయుటయందే రూపకకర్త తీర్పు వెల్లడియగును. ఆ తీర్పు అతడు పుట్టి పెరిగిన వాడను బట్టియు ఉండుననుట సహజము.

ఇందుకు మాలదాసరి కథ చక్కని యుదాహరణము. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద షష్ఠాశ్వాసమున దీనిని జెప్పెను. వరాహపురాణమునందలి కైశికమాహాత్మ్యము దీనికి మూలము. దాసరి వేకువను కుఱుంగుడి స్వామిని పాడ నేగుచు త్రోవదప్పి బ్రహ్మరాక్షసుని వాతబడును. సేవ ముగించి మరలివత్తునని ప్రతిన చేసి, ఆ మాట నిలుపుకొనును. తుదకు తన పాట ఫలమున భాగమిచ్చి రక్కసుని శాపమునే తీర్చును. కావ్యమును చదువువానికి దాసరి సత్యసంధత ప్రధానముగా గన్పట్టును. అతడు గుడి వెలుపల నిలిచి పాడుననుట ఒక ముక్కలో గడచిపోవును. రంగముమీద నట్లు గాదు. నటుని దేహ మెచ్చటనో యొకచోట నిలువవలెను. గర్భాలయమునకును వానికిని నడుమనున్న యెడము పాట సాగినంతసేపును ప్రేక్షకుని కన్నుల యెదుట నుండును. కావ్యము ఒకమారు చెప్పి విడిచినదానిని రంగము విడువక చూపుచుండును. ఆ యెడము నెంత యుంచవలెను, దాని నెవరు దాటవలెను అను ప్రశ్నమునకు ఆ యెడమున నిలిచిన వంశమువాడు చెప్పు సమాధానము వేరుగా నుండవచ్చును. ఈ కథయే ద్రావిడదేశమున తిరుక్కురుంగుడి యాలయమున కైశికైకాదశినాటి రాత్రి నాటకముగా నాడబడుచున్నది. క్షీణించియున్న యీ ప్రదర్శనము ఇరువదవ శతాబ్ది చివర పునరుద్ధరింపబడెను.

తెలుగున నిట్టి సమాధానములు లేకపోలేదు. కొలకలూరి ఇనాక్ గారు తిరుప్పాణాళ్వారు చరిత్రమును గైకొని మునివాహనుడను నాటకమును రచించిరి. దూరముననుండి పాడిన భక్తుని రాళ్లతో గొట్టిన అర్చకుడే తుదకు వానిని తన భుజములపై నెక్కించుకొని శ్రీరంగనాథుని సన్నిధికి గొనిపోయెనని ఐతిహ్యము. ఇచ్చట యెడము రంగముమీదనే తొలగిపోవును. బోయి భీమన్న గారు (1911-2005) పాలేరు నాటకముచే పల్లెలయందు ప్రసిద్ధులైరి. వారి రాగవాసిష్ఠము అరుంధతీవసిష్ఠుల వృత్తాంతమును దెచ్చిన రూపకము. మనుస్మృతి నవమాధ్యాయమున అక్షమాల యను నిమ్నకులజాత వసిష్ఠుని గూడి పూజ్యురాలయ్యెనని కలదు. ఆ అక్షమాలయే అరుంధతి యని సంప్రదాయము. మాదిగలు తమ్ము అరుంధతీయులని చెప్పుకొనుట యందరు నెరిగినదే. కావున వివాహకాలమున వధూవరులు చూచు అరుంధతీనక్షత్ర మీ రూపకమున నొక కులమువారికి తల్లియై నిలుచును. మూలమున నున్నదానినే వెలికి దీసిరిగాని లేనిదానిని కల్పింపలేదు.

వ్రాతరూపకములకంటె ముందే చిందువారు యక్షగానములనాడి పురాణములను తమ గొంతుకతో జెప్పుచుండిరి. వారి జాంబపురాణము సృష్టికథను మాదిగల మూలపురుషుని వైపునుండి చెప్పును. చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఈ విద్య గలవారు మూలగ్రంథమును ఎరుగనివారని పండితులు తలపరాదు. వారికి గ్రంథము కంఠస్థమైయున్నది, పుటలపై లేదు, అంతియ భేదము.

ఖండాంతరములయందును ఇట్టి ప్రయత్నములు జరిగినవి. మార్టినిక్ ద్వీపవాసి యగు ఎమే సెజేర్ 1969లో షేక్‌స్పియరు టెంపెస్టు నాటకమును తిరిగి వ్రాసి, కాలిబనును నల్లజాతి బానిసగా నిలిపెను. నైజీరియా కవి వోలే షోయింకా యూరిపిడీసు బాకే నాటకమును పునర్నిర్మించెను. దానిని లండను నేషనల్ థియేటరువారు తామే కోరి వ్రాయించి 1973లో ప్రదర్శించిరి. ఈ రెండవ యుదాహరణమున గమనింపదగినది కవి ప్రతిభ మాత్రమే కాదు. గ్రంథము పూర్తికాకముందే ఒక సంస్థ దానికి పూనుకొని రంగము నొసగుట విశేషము.

అట్టి పూనిక మనకును గావలెను. మొదటిది గ్రంథసాహాయ్యము. ఆముక్తమాల్యద వంటి ప్రౌఢకావ్యమును పట్టువానికి ప్రక్కన గూర్చుండి అన్వయము చెప్పు పండితుడు కావలెను; తీర్పు చెప్పువాడు కాదు. రెండవది న్యాయజ్ఞానము. మన చట్టముప్రకారము కర్త మరణించిన పిమ్మట అరువది సంవత్సరములు గ్రంథస్వామ్య ముండును. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో గతించిరి గావున మాలపల్లి నవలను 2019 జనవరి 1 మొదలు ఎవరైనను నాటకీకరింపవచ్చును. జాషువ గారు 1971లో గతించిరి గావున 1941లో వెలువడిన గబ్బిలమునకు 2031 చివరివరకు అనుమతి పొందవలెను. ఇది తెలియక పని నడుమ నిలిచిపోవుట కద్దు.

మూడవది నటులతో గూడిన పఠనము. గబ్బిలమున మాటలాడువాడు ఒక్కడే; వినునది గబ్బిలము. ఆ గబ్బిలమును రంగముమీద జూపవలెనా, చూపక నటుని చూపుచేతనే సూచింపవలెనా? ఈ సందేహము వ్రాతబల్ల వద్ద తీరదు. నటుడు నిలిచి చదివినపుడే తీరును. బి. వి. కారంతు గారు సురభి నటులతో గలసి పనిచేసి, బ్రెహ్టు నాటకమును బస్తీదేవత యాదమ్మగా రూపొందించుట ఈ పద్ధతికి మన నగరమున గల తార్కాణము. సురభివారు దళితులు గారు, తోలుబొమ్మలాటవారి సంతతి. అయినను సంచారకళాకారుల కులవిద్యను నూతనగ్రంథముతో గలుపుటకు మార్గ మది. నాలుగవది కాలము, వేతనము. ఉద్యోగము ముగిసి రాత్రి వ్రాయువానికి ఆరు మాసములు నిశ్చింతగా గడుపు భృతి లేనిచో నాటకము తొలి ప్రతియందే ఆగును.

ఈ ప్రగతినగరమున గూర్చుండి యోచించిన ఇవి దుర్లభములు గావు. నైరృతిదిక్కున శేరిలింగంపల్లియందు సురభికాలని కలదు. ఆవల హైదరాబాదు విశ్వవిద్యాలయమున రంగస్థలకళాశాఖ యున్నది. దక్షిణమున మాదాపురమందు శిల్పారామము కలదు. విద్యయు, నటులును, రంగమును ఒక్క పూట ప్రయాణములోనే యున్నవి. వీనిని గలుపువారు మాత్రము కావలెను.

ఇట్టి అనుసరణములచే మూలము చెడునని కొందరు శంకింతురు. మూలము తాళపత్రమునను అచ్చునను యథాతథముగానే యుండును. తిక్కన భారతము నెరుగని పల్లెవారు పాండవోద్యోగము ద్వారా దానిని వలచిరి. అట్లే మునివాహనుని జూచిన బాలుడు ఆముక్తమాల్యదను దెరచి దాసరి యెచ్చట నిలిచెనో వెదకును. అపుడు వానికి సమాధానము చెప్పవలసినవాడు పాఠశాలపండితుడే. ప్రతి పాఠశాలయు ఏటేట ఇట్టి యొక రూపకమును దాని మూలముతో సరిచూచి చదివించినయెడల రూపకకర్తకు పాఠకులును, కావ్యమునకు క్రొత్త వారసులును లభింతురు.