రౌడీ అంటే ఏందమ్మా?

మా అమీర్‌పేటలో ఇంగ్లీషుకి కరువు లేదు. మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సులు, స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులే! అయినా మొన్న మా ఇంట్లో అంట్లు తోమే ఆమె అడిగిన ఒక్క ఇంగ్లీషు ముక్కకి నాకు జవాబు తోచలేదు.

ఆమె పంజగుట్ట వైపు బస్తీలో ఉంటుంది. ఏదో కొట్లాటలో కొడుకు పేరు కూడా ఇరుక్కుంది. "రౌడీషీటు తెరుస్తమంటున్నరు. అసలు రౌడీ అంటే ఏందమ్మా? మా పోరడు ఏం జేసిండని?" అంటూ గిన్నెలు వదిలేసి కూర్చుండిపోయింది.

మీరైతే ఏం చెప్పేవారు? నేను మా అమ్మాయి డిక్షనరీ తీశాను. తీరా చూస్తే ఇంగ్లీషులో రౌడీ అంత పెద్ద తిట్టేం కాదండీ! గోల చేసే క్లాసుని, కేకలేసే గుంపుని కూడా రౌడీ అనేస్తారు. 1800ల తొలినాళ్లలో అమెరికాలో ఊళ్లకి దూరంగా బతికే మొరటు మనుషులకి పెట్టిన పేరట. సముద్రం దాటి మన దగ్గరకొచ్చేసరికి దాని చేతికి కత్తి వచ్చింది.

థగ్ అనే మాట మాత్రం ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లింది. హిందీలో ఠగ్ అంటే మోసగాడు. దాచడం, కప్పిపుచ్చడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. బాటసారులతో స్నేహంగా కలిసి నడిచి, అదను చూసి రుమాలుతో గొంతు బిగించే ముఠాలని ఇంగ్లీషువాళ్లు థగ్గులన్నారు. 1830లలో స్లీమన్ అనే దొర వాళ్లని ఏరిపారేశాడు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో థగ్గుల మీద నవల రాశాక ఆ మాట ఇంగ్లండులో ఇంటింటికీ తెలిసింది. మన హైదరాబాదుకి ఇందులో అంత పాత్ర ఉందని నాకూ ఇప్పుడే తెలిసింది! ఆ ముఠాల కథల్లో దొరలు పెంచి రాసింది చాలా ఉందని కొందరు చరిత్రకారులంటారు. ఒక పేరు పెట్టేశాక, దాని కింద ఎవరెవరిని చేర్చారో ఎవరికి తెలుసు?

లూట్, డెకాయిట్ కూడా మన దేశం నుంచి వెళ్లినవే. హూలిగన్ 1898లో లండన్ పేపర్లకెక్కింది. అది ఐర్లండు వాళ్ల ఇంటిపేరు నుంచి వచ్చిందంటారు. ఎవరో తిన్నగా ఉండకపోతే ఆ ఇంటిపేరున్న వాళ్లందరికీ వచ్చిందన్నమాట తిప్పలు! వాండల్ అనేది 455లో రోము నగరాన్ని దోచుకున్న ఒక జాతి పేరు. బూట్‌లెగ్గర్ అంటే బూటులో సారా సీసా దాచి అమ్మేవాడు.

ఈ బూట్‌లెగ్గరు, డెకాయిటు, వాళ్ల పక్కనే మన గూండా, ముగ్గురూ 1986లో వచ్చిన మన రాష్ట్ర చట్టం పేరులోనే ఉన్నారు. జనం నోట అది గూండా యాక్టు. దాని కింద విచారణ లేకుండానే జైల్లో ఉంచవచ్చు. రౌడీషీటు వేరు. అది పోలీసుల స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం స్టేషన్లో తెరిచే కాగితం. కోర్టులో నేరం రుజువైతేనే తెరవాలని ఏమీ లేదు. తెరిచాక ఎన్నికలొచ్చినా, పండగలొచ్చినా స్టేషన్‌కి పిలుస్తారు. ఒక్క కొట్లాటకే తెరవకూడదని, అదే పనిగా గొడవలు చేసేవాడై ఉండాలని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. ఇది తెలిసిన తల్లులెందరు?

మా చిన్నవాడు బంతితో బల్బు పగలగొడితే "ఒరే రౌడీ" అనేదాన్ని. ఈ మధ్య ఆమె ఎదురుగా ఆ మాట నోటికి రావడం లేదు.

1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి, ఆదాయం ఎంతున్నా, ఉచిత న్యాయసహాయం ఇవ్వాలి. మగవాళ్లకైతే మామూలుగా ఆదాయం చూస్తారు. వీళ్లకి ఆ ఇబ్బందీ ఉండదనుకుంటాను. అందుకని న్యాయసేవాధికార సంస్థలో అడుగుదామని సోమవారం ఆమెతో నేనూ వెళ్తున్నాను. కావలసిన కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో సర్దుకుంది. అందులో కొడుకు టెన్త్ మెమో కూడా ఉంది. ఇదెందుకన్నాను.

"సదువుకున్నోడని తెల్వాలె గదమ్మా" అంది.