పాత ఇంజను జబ్బు పొగలోనే తెలుస్తుంది

మీ పాత డీజిలు ఇంజను లోడు లాగడం లేదా? మెకానిక్ 'బోరు చేయించాలి' అనగానే ఒప్పేసుకోకండి. అది వేలతో పని. ముందు లోడు మీద నడిపి పొగ చూడండి.

నల్లగా వస్తుంటే డీజిలు పూర్తిగా కాలడం లేదన్నమాట. చాలాసార్లు ఎయిర్ క్లీనర్ దుమ్ముతో పూడుకుపోయి ఉంటుంది. ఇంజను ఆపి, జాలీని డీజిలుతో కడిగి ఆరబెట్టండి. గిన్నెలో గుర్తు వరకే కొత్త ఆయిలు పోయండి. క్లీనరు తీసేసి మాత్రం నడపొద్దు. దుమ్ము లోపలికెళ్లి రింగుల్ని తినేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే నాజిల్ పరీక్ష చేయించాలి.

చలిలో స్టార్టు చేసినప్పుడు కాసేపు తెల్లపొగ మామూలే. ఆగకపోతే డీజిల్లో నీళ్లు చేరాయేమో చూడండి.

నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోందని గుర్తు. గుర్తు దాటి పోశారేమో చూసుకోండి. సరిగానే పోసినా రోజురోజుకూ తగ్గుతుంటే రింగులు అరిగి ఉండొచ్చు. బోరు మాట అప్పుడు, అదీ లైనరు కొలిపించాకే.