చదరపు అడుగు రేటులో ఏమేం వస్తాయి?

ఇల్లు కట్టించుకునేవాళ్లు మేస్త్రీని మొదట అడిగేది రేటు. చదరపు అడుగుకు ఎంత తీసుకుంటారు? ఆయన ఒక అంకె చెబుతాడు, వీళ్లు కొంత తగ్గించమంటారు, ఎక్కడో ఒకచోట కుదురుతుంది. అడ్వాన్సు చేతులు మారుతుంది, ముహూర్తం చూసి శంకుస్థాపన చేస్తారు. ఆ అంకె ఏయే పనులకు అన్నది మాత్రం ఎవరూ మాట్లాడరు. స్లాబు పడేదాకా అంతా సవ్యంగానే సాగుతుంది. ఆ తర్వాత పేచీలు మొదలవుతాయి. పిట్టగోడ రేటులో ఉందా, లేదా? సంపు ఎవరి లెక్క? మెట్లకు గ్రానైట్ పరిచే కూలీ విడిగా ఇవ్వాలంటే ఎలా?

ఈ గొడవల్లో మోసం పాలు తక్కువని నా నమ్మకం. యజమాని మనసులో ఒక ఇల్లుంది, మేస్త్రీ మనసులో మరొకటుంది. రేటు కుదిరింది కాబట్టి ఇల్లు కూడా ఒకటేనని ఇద్దరూ అనుకుంటారు. పని మొదలుకాక ముందే ఆ రెండు ఇళ్లనూ కాగితం మీద ఒకటి చేయాలి. పని పరిధిని నిర్ణయించడమంటే అదే. అది పెద్ద కంపెనీల వ్యవహారమని అనుకుంటాం గానీ, రెండు వందల గజాల్లో కట్టే ఇంటికే దాని అవసరం ఎక్కువ. ఇక్కడ తేడా వస్తే భరించడానికి కంపెనీ ఏదీ ఉండదు. అయితే యజమాని అప్పు పెరుగుతుంది, లేకపోతే మేస్త్రీ ఇంట్లో పూట గడవడం కష్టమవుతుంది.

ముందు కొలత సంగతి తేలాలి. ఫ్లాటు కొనేవాళ్లకు 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాను నిర్వచించింది. అందులో లోపలి గోడల మందం కలుస్తుంది, బయటి గోడలూ బాల్కనీలూ కలవవు. మేస్త్రీ లెక్క అది కాదు. మామూలుగా ఆయన స్లాబు విస్తీర్ణం కొలుస్తాడు. బాల్కనీ, మెట్ల గది అందులోకే వస్తాయి. సజ్జలను కొందరు సగం వేస్తారు, కొందరు వదిలేస్తారు. 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న బాల్కనీ ఒక్కటే 60 చదరపు అడుగులు, రెండంతస్తులకు 120. ప్లాను మీదే అంతస్తుల వారీగా స్లాబు విస్తీర్ణం వేసుకుని ఇద్దరూ సంతకం పెడితే ఈ తగాదా అక్కడితో పోతుంది.

ప్లాస్టరింగ్‌ను విడిగా కొలిచి డబ్బిచ్చేటప్పుడు కిటికీల దగ్గర ఇలాంటి పేచీయే వస్తుంది. కిటికీ ఉన్నచోట పూత లేదు కదా, రెండు వైపులా తీసేయమంటాడు యజమాని. ఈ కొలతలకు మన దేశంలో ఐఎస్ 1200 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీలకు తగ్గింపే లేదు. అది దాటి 3 చదరపు మీటర్ల దాకా ఉన్నవాటికి, గోడకు రెండు వైపులా పూత ఉంటే, ఒక్క వైపే తగ్గించాలి. కిటికీ పక్కల్లోనూ పైనా కిందా అంచులు తీర్చి పూయడానికి మనిషి కష్టపడతాడు, వదిలేసిన రెండో వైపు ఆ కష్టానికి చెల్లు. ఈ సంగతి తెలిస్తే యజమాని వాదన ఆగిపోతుంది. తెలియకపోతే ఆ అంచులు పూసినవాడి కూలీకి కోత పడుతుంది.

రేటులో ఉన్నవాటి జాబితా ఎవరైనా రాస్తారు. అసలు మేలు చేసేది లేనివాటి జాబితా. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, వంటగది అరుగు, అటకలు, అల్మరా అరలు, ముందు వైపు ఎలివేషన్ పని, పునాదుల మధ్య మట్టి నింపడం, వీటిలో ఏది లోపల, ఏది బయట అన్నది ఒక్కొక్కటిగా అడగాలి. నల్లరేగడి నేలల్లో పునాది ఎంత లోతుకు పోవాలో తవ్వితే గానీ తెలియదు. అలాంటిచోట ఫలానా లోతు దాకా ఈ రేటు, ఆపైన ప్రతి అడుగుకూ ఇంత అని ముందే రాసుకోవచ్చు. తెలియని దానికి కూడా హద్దు పెట్టే పద్ధతి ఇది. ‘మంచి టైల్స్ వేస్తాను’ అన్నది ఒప్పందం కాదు. ఏ సైజు, చదరపు అడుగు ఎంత ధర దాకా, ముక్కలుగా పోయే వృథా ఎవరి ఖాతాలో, ఇవన్నీ తేలాలి.

జాబితాల్లో ఎప్పుడూ జారిపోయేది నీళ్లు పట్టడం. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన సిమెంటు వాడితే కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. లేబర్ కాంట్రాక్టులో ఈ పని యజమానిదని మేస్త్రీ, మేస్త్రీదని యజమాని అనుకుంటే ఎండాకాలం మధ్యాహ్నం స్లాబు ఎండిపోతూ ఉంటుంది. ఎవరికీ అప్పగించని పని వల్ల ఇంటి బలమే తగ్గుతుంది. అందుకే ఈ ఒక్క వాక్యం ఒప్పందంలో ఉండి తీరాలని నేను పట్టుబడతాను.

ఇక మార్పులు. ఎంత జాగ్రత్తగా రాసుకున్నా మార్పులు వస్తాయి, రావడం తప్పు కాదు. గోడలు లేచాక గానీ గది ఎంతుందో చాలామందికి అందదు. ‘మేస్త్రీగారూ, మెట్ల కింద ఎలాగూ ఖాళీయే కదా, చిన్న బాత్రూమ్ పెట్టెయ్యండి’ అంటుంది ఇంటావిడ. ‘చూద్దాంలెండమ్మా’ అంటాడాయన. ఆవిడకు అది ఒప్పుకోలు, ఆయనకు వాయిదా. ఆ చిన్న బాత్రూమ్ వెంట ఏమేం వస్తాయో చూడండి. కమోడ్ పైపుకు సెప్టిక్ ట్యాంకు దాకా వాలు కుదరాలి, కుదరకపోతే నేల ఎత్తు పెంచాలి, పెంచితే మెట్ల కింద తల తగులుతుంది. నీళ్లు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. గాలికి వెంటిలేటర్, గీజరుకు విడిగా వైరు లాగి 16 ఆంపియర్ల సాకెట్, ఒక తలుపు, గోడలకు టైల్స్. ఇందులో మేస్త్రీ ఒక్కడి పని లేదు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, టైల్స్ మనిషి మళ్లీ రావాలి. పునాది దశలో అడిగి ఉంటే పైపు మట్టిలోనే పోయేది. ఇప్పుడు పూర్తయిన నేలను కొట్టాలి.

కాబట్టి మార్పు చెప్పిన రోజే నాలుగు సంగతులు రాసుకోవాలి: ఏం మారుతుంది, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు వెనక్కి పోతుంది, ఎవరు ఒప్పుకున్నారు. వాట్సాప్‌లో పెట్టినా నష్టం లేదు, గోడ మీద సుత్తి పడకముందే పెడితే చాలు. మార్పు చెప్పే అధికారం ఇంట్లో ఒక్కరికే ఉండాలి. పొద్దున తాతగారు, సాయంత్రం వీడియో కాల్‌లో అమెరికా నుంచి అబ్బాయి చెరొకటీ చెబితే పనివాళ్లు కట్టిందే కొట్టి, కొట్టిందే కట్టాలి. వాస్తు చూపించుకునేవాళ్లు ప్లాను దశలోనే చూపించుకోవాలి. స్లాబు పడ్డాక సిద్ధాంతిగారిని పిలిచి మెట్లు తిప్పమనడం అందరికీ నష్టమే.

ధర చెప్పుకోకుండా చేయించుకున్న పని ఉచితంగా వచ్చిందని యజమాని అనుకుంటాడు. చిన్న మేస్త్రీ కాదనలేడు, తర్వాతి విడత డబ్బు యజమాని చేతిలో ఉంది మరి. ఆ లోటు ఎక్కడో పూడ్చుకోవాలి కాబట్టి మనుషులను తగ్గిస్తాడు, రెండు రోజులు వేరే సైటుకు పోతాడు. అడగడానికి మొహమాటపడిన డబ్బు ఆలస్యంగానో పల్చని పనిగానో ఆ ఇంటికే తిరిగొస్తుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం, సెక్షన్ 70లో, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చట్టబద్ధంగా చేసిన పని వల్ల మేలు పొందినవారు పరిహారం ఇవ్వాలంటుంది. న్యాయం మేస్త్రీ వైపే ఉంది. కానీ ఇరవై వేల కోసం కోర్టు చుట్టూ తిరిగే తీరిక కూలీలను పోషించుకునే మనిషికి ఉండదు.

విడతలు తేదీలకు కాకుండా పనికి ముడిపెట్టాలి: పునాది, స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్. చివర కొంత మొత్తం ఆపుకోవడం సబబే. దాన్ని విడుదల చేసే ముందు ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరగాలి. బాత్రూమ్‌లో బకెట్టు నీళ్లు పోసి జాలీ వైపు పోతున్నాయా లేదా చూడాలి, తలుపులు పట్టేస్తున్నాయేమో వేసి తీయాలి, మిగిలిన లోపాలు రాసుకోవాలి. అవి సరిచేశాక ఎన్ని రోజుల్లో ఆ డబ్బు ఇస్తారో మొదటి కాగితంలోనే రాసి ఉండాలి. గృహప్రవేశం భోజనాలు అయిపోయాక మేస్త్రీ తన సొమ్ము కోసం నెలల తరబడి ఫోన్లు చేసుకునే పరిస్థితి రాకూడదు.