మందిరంలోకి కండువాలు

ఆ రోజు మాకు సంస్కారపు ఆదివారం. బల్ల మీద రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేసి పైన తెల్లటి గుడ్డ కప్పి ఉంచారు. రెండో పాఠం చదవడం అయింది. కానుకల కీర్తన ఎత్తుకున్నారు. అంతలో బయట కార్ల తలుపులు టపటపా పడిన చప్పుడు. మెడలో పార్టీ కండువాలతో పదిహేను మంది దాకా లోపలికి వచ్చారు. ముందు చాప మీద కూర్చున్న ముసలమ్మల్ని లేపి వెనక్కి పంపించి, అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కీర్తన రెండో చరణం దగ్గరే ఆగిపోయింది.

అభ్యర్థి ప్రభువు నామంలో వందనాలు చెప్పి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ప్రహరీ గోడ కట్టిస్తానన్నాడు. చప్పట్లు కొట్టారు. అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి విజయం కోసం ప్రార్థన చేశారు, సంఘమంతా ఆమెన్ అంది. వాళ్ళు వెళ్ళిపోయాక గుడ్డ తీసి సంస్కారం ఇవ్వడం మొదలుపెట్టారు. నా పక్కనున్న పెద్దావిడ మాత్రం రొట్టె తీసుకోకుండా లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. “మనసు బల్ల దగ్గర నిలవలేదు నాయనా. అట్టాంటి మనసుతో ఎట్టా తీసుకోను?” అంది.

ఆమె బడికి వెళ్ళింది లేదు. అయినా ఆ ఉదయం మందిరంలో ఏం పోయిందో మా కమిటీ పెద్దలకంటే ఆమెకే బాగా తెలిసింది.

నేను పాతకాలపు విశ్వాసిని. బైబిలు దేవుని వాక్యమని నమ్ముతాను. పెళ్ళి, కుటుంబం, మద్యం, వడ్డీ, కట్నం గురించి మా తాతల కాలం సంఘ క్రమశిక్షణ సరైనదేననీ, దాన్ని సడలించుకుని మనం బాగుపడలేదనీ అనుకుంటాను. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ప్రసంగ వేదిక మీద నుంచి ఏ పార్టీకీ ఓటు అడగకూడదు. మనకు మేలు చేసిన పార్టీకైనా సరే, మన మతం పేరు పెట్టుకున్న నాయకుడికైనా సరే.

అయ్యగార్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. పల్లెలో మందిరం కట్టాలంటే అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. సమాధుల తోటకు అరెకరం సంపాదించడం చాలా ఊళ్ళలో తరాల సమస్య. ప్రార్థన కూటం మీదికి ఎవరైనా దౌర్జన్యంగా వస్తే స్టేషనులో ఫిర్యాదు తీసుకోవడానికైనా ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. పదిహేను కుటుంబాల సంఘాన్ని నమ్ముకుని బతికే కాపరికి ఎమ్మెల్యే ఫోన్ నంబరు చిన్న విషయం కాదు. దానికి తోడు ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం వచ్చింది. యెరూషలేము యాత్రకు 2019లో ఆర్థిక సాయాన్ని 60,000 రూపాయలకు పెంచారు. ఇమాములకు, అర్చకులకు ఇచ్చినట్టే మనకూ ఇస్తే తప్పేమిటని అడిగే పాస్టర్లు ఉన్నారు. పౌరుడిగా అడిగితే ఆ ప్రశ్నలో తప్పు లేదు. కాపరిగా మాత్రం ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఆ డబ్బు ఖాతాలో పడ్డాక, అది ఇచ్చిన ప్రభుత్వం చేసే అన్యాయాన్ని తప్పని చెప్పడానికి నోరు వస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు మన ఒంగోలు చరిత్రలోనే ఉంది. తెలుగు బాప్టిస్టు సంఘాలు దాన్ని సంఖ్యల కోసం గుర్తు పెట్టుకుని, సారాన్ని మరిచిపోయాయని నా బాధ.

జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. మొదట్లో ఊరి పై కులాలవారు ఆయన్ను ఆదరించారు, బడి పెట్టమని అడిగారు. అదే రోజుల్లో తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య వచ్చాడు, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ మనిషి. ఆయన వెంట ఆయన జనం వచ్చారు. వాళ్ళను చేర్చుకుంటే తమ పిల్లల్ని బడి మానిపిస్తామని పై కులాలవాళ్ళు చెప్పేశారు. పలుకుబడి ఉన్నవాళ్ళు ఒకపక్క, ఊరి బయటివాళ్ళు ఇంకోపక్క. క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని ఆ సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దేవుడు గొప్పవాళ్ళను కాక లోకం తక్కువగా చూసినవాళ్ళను ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. క్లౌ పేరయ్య జనాన్నే చేర్చుకున్నాడు. ఊళ్ళో పలుకుబడి పోయింది.

తర్వాత పదేళ్ళకు ధాత కరువు వచ్చింది. జనం ఆకులు, దుంపలు తిని, అవీ దొరక్క రోడ్ల పక్కన పడి చనిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే అందులో మూడున్నర మైళ్ళ పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. ఆయన బోధకులే అక్కడ మేస్త్రీలు. రాత్రిళ్ళు గుడిసెల దగ్గర వాక్యం చెప్పేవాళ్ళు. జనం బాప్తిస్మం ఇవ్వమని గుంపులుగా అడిగారు. అప్పుడు క్లౌ ఏం చేశాడో ప్రతి పాస్టరూ చదవాలి. కూలి డబ్బు తన చేతిలో ఉన్నంతకాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. 15 నెలలు ఆపేశాడు. అన్నం కోసం ఎవరూ క్రీస్తు పేరు పెట్టుకోకూడదన్నది ఆయన పట్టుదల. కరువు పని అయిపోయి, సాయంగా పంచే డబ్బు ఆగిపోయాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్ళలో ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరి చొప్పున, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఆ 2,222 అంకె మన కన్వెన్షన్ పోస్టర్ల మీద కనబడుతుంది. దాని వెనకున్న 15 నెలల నిగ్రహం ఎక్కడా కనబడదు. చేతిలో మేలు పెట్టుకుని దేవుని పేరు చెప్పకూడదని కాలువ గట్టు మీద ఒక విదేశీయుడికి తెలిసింది. మేలు చేసే పార్టీ పేరు మందిరంలో చెప్పకూడదని మనకెందుకు తెలియడం లేదు?

ఇక అజరయ్య బిషప్పు గారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొంది, నిజాం ఇలాకాలోని దోర్నకల్‌లో కాపురం పెట్టినవాడు. ఆయన పుట్టింది తమిళ దేశం తిరునెల్వేలిలో అయినా తెలుగు పల్లెల్లో ఎద్దుబండి మీద తిరిగి మనవాడైపోయాడు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్ గుమ్మటాలూ, రాతి స్తంభాలూ చూస్తే ఆయన ఈ నేలను ఎంత ప్రేమించాడో తెలుస్తుంది. 1930ల్లో బ్రిటిష్ ప్రభుత్వం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు చాలామంది క్రైస్తవ నాయకులు సంతోషించారు. అజరయ్య వ్యతిరేకించాడు. అది సంఘం స్వభావానికే దెబ్బ అన్నది ఆయన మాట. ఓట్ల లెక్కలో సంఘం ఒక కులంలాగా మారిపోతుంది, మనిషి క్రీస్తును నమ్మి వచ్చినా పక్కవాళ్ళు ఓటు కోసం చేర్చుకున్నారనే అనుకుంటారు, సువార్త చెప్పే నోటికి విలువ పోతుంది. ఇదీ ఆయన భయం. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశాడు.

ఆయన పోయిన తర్వాత రాజ్యాంగ సభలో క్రైస్తవ సభ్యులు ఆ దారినే నడిచారు. మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షత వహించింది బెంగాలీ క్రైస్తవుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ. మతం పేరున చట్టసభల్లో ప్రత్యేక సీట్లు వద్దనుకున్నారు. మతాన్ని ఆచరించడానికే కాక ప్రచారం చేసుకోవడానికీ స్వేచ్ఛ కావాలన్నారు. 1948 డిసెంబర్ 6న ఆ ‘ప్రచారం’ అన్న మాట మీద సభలో వాదన జరిగింది, మాట నిలిచింది. ఇప్పటి 25వ అధికరణం అదే. సీట్లు వదులుకుని స్వేచ్ఛను అడిగిన ఆ పెద్దల విజ్ఞత ముందు, ప్రహరీ గోడ కోసం మైకు ఇచ్చే మన పని ఎంత చిన్నదో చూడండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి, మన కమిటీల్లో చాలామందికి తెలియదు. ఆరాధన స్థలాలను ప్రచారానికి వాడకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో ఉంది. మతం పేరున ఓటు అడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. ఆ సెక్షన్ పరిధిని విస్తృతంగానే చూడాలని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తేడాతో చెప్పింది. మత సంస్థల దుర్వినియోగాన్ని ఆపే 1988 నాటి చట్టం ప్రకారమైతే మందిరాన్ని రాజకీయ పనికి వాడనిచ్చినవాళ్ళకు ఐదేళ్ళ వరకు జైలు పడవచ్చు. కేసు పెడితే అభ్యర్థి తప్పించుకుంటాడేమో గానీ, అయ్యగారు దొరుకుతారు.

అంటే సంఘం నోరు మూసుకుని కూర్చోవాలా? ఈ ప్రశ్న యువకులు నన్ను తరచు అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. 1985 జూలైలో కారంచేడులో మాదిగల్ని వెంటాడి చంపినప్పుడు మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాలకు పారిపోయి వచ్చారు. అలాంటి రోజున వాక్యం చెప్పేవాడు మౌనంగా ఉంటే అది భక్తి కాదు, పిరికితనం. నాబోతు ద్రాక్షతోట లాక్కున్న ఆహాబు రాజు ముందు నిలబడ్డ ఏలీయా మనకు ఆదర్శం. కానీ ఏలీయా ఇంకో రాజు కండువా వేసుకుని ఆహాబును తిట్టలేదు. అందుకే ఆ మాటకు అంత బరువు. అన్యాయాన్ని పేరు పెట్టి చెప్పాలి, ఓటును మాత్రం విశ్వాసి మనస్సాక్షికి వదిలెయ్యాలి. నోటు తీసుకుని ఓటెయ్యడం పాపమని మాత్రం ప్రతి ఎన్నికకు ముందూ వేదిక మీద నుంచి చెప్పి తీరాలి. కవరు తీసుకున్న సంఘపెద్దకు రొట్టె ముట్టే ముందు పశ్చాత్తాపం అవసరమని చెప్పే ధైర్యం ఇప్పుడు ఎంతమందికుంది?

మనలో మనం దాచుకునే ఒక విషయం ఉంది. రాజకీయ చర్చ మొదలవగానే అందరం తలదించుకునే చోటు అదే. కుల సర్టిఫికెట్టు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుడికి మన రెండు రాష్ట్రాల్లోనూ దక్కేది బీసీ-సి, ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసును కొట్టేస్తూ, క్రైస్తవం తీసుకున్నాక ఆ రక్షణ వర్తించదంది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు ఆ మనిషిని వేరుగా చూడడం మానెయ్యదు గనుక 1950 ఉత్తర్వు అన్యాయమని నా నమ్మకం. దాన్ని మార్చమని బహిరంగంగా, పౌరులుగా, ఏ పార్టీ అధికారంలో ఉన్నా అడగాలి. అయితే ఆ అన్యాయం పేరు చెప్పుకుని మనం ఇంట్లో ఒక పేరు, రికార్డులో ఒక పేరు పెట్టుకుని, పిల్లలకు అబద్ధం నేర్పుతున్నాం. ఆకలితో, చదువు కోసం అలా చేసిన కుటుంబాన్ని నిందించే అర్హత నాకు లేదు. దాన్ని సంఘం సమ్మతించి, ఆ మౌనాన్నే ఓట్ల బేరానికి వాడుకునే నాయకులను మాత్రం నిందిస్తాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. కోర్టు ముందు మాలో కులం పోలేదని వాదిస్తాం, సువార్తికుడి ముందు క్రీస్తులో కులం లేదంటాం. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో లూథరన్ గుడి మాలపల్లెలో, బాప్టిస్టు గుడి మాదిగపల్లెలో ఉన్నాయి. ఎస్సీ వర్గీకరణ చర్చ వచ్చిన ప్రతిసారీ ఆ రెండు గుళ్ళ మధ్య దూరం పెరిగింది. ఒక్క ఆదివారమైనా ఆ రెండు సంఘాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, మన విజ్ఞాపన పత్రాలకు లేని బలం వస్తుంది.

నాలుక సంగతి. సెల్‌ఫోన్లలో మన దైవసేవకుల మాటలు వింటుంటే గుండె బరువెక్కుతుంది. ఇతరుల దేవుళ్ళను హేళన చేసే ప్రసంగాలు, దానికి ప్రతిగా వచ్చే బూతులు, మళ్ళీ దానికి సవాళ్ళు. అవతల పార్టీ నాయకుణ్ణి సాతాను అనడం, ఇవతల పార్టీ నాయకుణ్ణి మోషే అనడం. నీరో పాలిస్తున్న కాలంలోనే పౌలు అధికారులను గౌరవించమన్నాడు, రాజుల కోసం ప్రార్థించమన్నాడు. ఆ నీరో కంటే మన ముఖ్యమంత్రులు, ప్రధానమంత్రులు చెడ్డవాళ్ళా? సత్యం చెప్పడానికి కఠినంగా మాట్లాడవలసి వస్తే మాట్లాడదాం. పక్కింటివాళ్ళ పూజ గదిని వెక్కిరించి లైకులు లెక్కపెట్టుకోవడం సువార్త కాదు. ఆ వీడియోకు దెబ్బలు తినేది స్టూడియోలో ఉన్నవాడు కాడు, ఊరి చివర రేకుల షెడ్డులో ప్రార్థన పెట్టుకునే పేద కాపరి.

సంఘ కాపరులకు, పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే ఎన్నికల లోపు మీ కమిటీ కూర్చుని ఒక తీర్మానం రాయండి. ఏ పార్టీ అభ్యర్థి అయినా ఆరాధనకు రావచ్చు, అందరితోపాటు చాప మీద కూర్చుంటాడు. కండువా చెప్పులతోపాటు బయటే ఉంటుంది. మైకు ఇవ్వం. బరిలో ఉన్న అందరి పేర్లూ చెప్పి ఒకే ప్రార్థన చేస్తాం. గోడ మన కానుకలతో కట్టుకుంటాం, అయ్యగారి జీతం దశమభాగాలతో ఇస్తాం, తక్కువైతే మనమే ఇంకొంచెం వేసుకుంటాం. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కించి సంతకాలు పెట్టండి. ఆ పెద్దావిడ ఈ నెల కూడా సంస్కారానికి రాలేదు. మా కమిటీ తీర్మానం పట్టుకుని నేను వాళ్ళింటికి వెళ్ళాలనుకుంటున్నాను.