ఎడారిలో తిమింగిలము లెందుకున్నవి?

ఈజిప్టు దేశమున, కైరో నగరమునకు నైరుతి దిక్కున, వాన చినుకే అపురూపమైన వాదీ అల్ హితాన్ అను లోయలో, తిమింగిలముల అస్థిపంజరములు ఇసుకపై బారులు తీరి యుండుట చూచినవారికి, ఇవి ఇచ్చటికెట్లు వచ్చినవన్న సందేహము కలుగక మానదు. అవి వచ్చినవి కావు; సముద్రమే వెడలిపోయినది.

సుమారు 4 కోట్ల యేండ్ల క్రిందట టెథిస్ సముద్రము ఆ భూభాగమును కప్పియుండగా, చచ్చి అడుగునబడిన జంతువులపై ఒండ్రు పొరలు పొరలుగా పేరుకొని, ఎముకల సూక్ష్మరంధ్రములలో ఖనిజములు చేరి, కాలక్రమమున ఒండ్రు శిలయై, ఎముక శిలాజమయ్యెను. పిమ్మట సముద్రము ఉత్తరమునకు తొలగెను. మెత్తని రాతిని గాలి అరగదీయగా ఎముకలు బయల్పడినవి.

అన్నిటికంటె వింతగొలుపునది బాసిలోసారస్ అను పొడవాటి తిమింగిలము. మోకాలు, మడమ, వ్రేళ్లతో సహా దానికి చిట్టి వెనుకకాళ్లుండెనని 1990లో వెల్లడియైనది. అంతటి దేహమును మోయజాలని ఆ కాళ్లు, దాని పూర్వులు నేలపై నడచినవని చాటుచున్నవి.